తడి తగిలితే లెక్క మారుతుంది: ఇంట్లో లోషన్ కలిపే ముందు

మే నెల కత్తిరి ఎండల్లో చెన్నైలో దోశపిండి రుబ్బి బయట పెడితే ఐదారు గంటలకే పొంగి గిన్నె అంచు దాటుతుంది. అదే పిండి డిసెంబరులో బెంగళూరు చుట్టాలింట్లో తెల్లారేదాకా కదలదు. పిండిలో నీళ్లున్నాయి, తిండి ఉంది, చుట్టూ వేడి ఉంది. సూక్ష్మజీవికి ఇంకేం కావాలి? ఇంట్లో కలిపిన ఫేస్ క్రీములోనూ ఈ మూడూ ఉంటాయి. కాకపోతే పిండి పులిస్తే వాసనకే తెలిసిపోతుంది. క్రీము చెడితే చాలాసార్లు ఏమీ తెలియదు. గ్రాముకు లక్ష బాక్టీరియా చేరినా అది తెల్లగా, మెత్తగా, గులాబీ వాసనతోనే ఉండొచ్చు.

ఇంటి తయారీ మీద వచ్చే వీడియోలు చాలామటుకు ఏ నూనె మంచిది, ఏ పువ్వు మంచిది అన్న దగ్గరే తిరుగుతుంటాయి. నూనెలతో పెద్ద పేచీ లేదు. అసలు చిక్కంతా నీళ్లతోనే.

పొడి, నూనె, నీరు

ఆవకాయ జాడీలో తడి గరిటె ఎందుకు పెట్టనివ్వరో మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మామిడి ముక్కలో నీరు లేక కాదు. ఆ నీటిని ఉప్పు పట్టి ఉంచుతుంది, పులుపు తోడవుతుంది, అందుకే బూజుకు అది అందదు. బయటి తడి పడ్డచోట ఉప్పు పలచబడుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. ఒంటికి రాసుకునే దేనిలోనైనా ముందు చూడాల్సింది ఇదే: సూక్ష్మజీవికి అందే నీరు అందులో ఉందా?

సున్నిపిండి, ముల్తానీ మట్టి, ఎండిన వట్టివేళ్ల పొడి వంటివి పొడిగా ఉన్నంతకాలం ప్రిజర్వేటివ్ అడగవు. పన్నీరో పెరుగో కలిపాక మాత్రం ఆ పూటకే. మిగిలింది పారేయాలి. పొడుల్లో ఉండే ప్రమాదం వేరు. పార్క్ టౌన్ రాసప్ప చెట్టి వీధి నాటుమందు కొట్లలో నలంగు మావుకు, అంటే తమిళుల సున్నిపిండికి, కావలసిన సరుకులు పొట్లాలు కట్టి ఇస్తారు. చాలామంది చెప్పే పాళ్లలో కార్బోగ అరిశి అని ఒకటుంటుంది, అవి మన బావంచాలు. వాటిలో సొరాలెన్ జాతి పదార్థాలున్నాయి. బొల్లి చికిత్సలో డాక్టర్లు సొరాలెన్ ఇచ్చి, లెక్క కట్టి అతినీలలోహిత కాంతి పెట్టేది అందుకే. చర్మం ఎండకు విపరీతంగా స్పందించేలా అవి చేస్తాయి. పొద్దున అది రుద్దుకుని స్నానం చేసి, స్కూటర్ మీద మౌంట్ రోడ్డు ఎక్కితే మచ్చలు పోవడం అటుంచి కొత్తవి రావచ్చు. నలంగు మావు పట్టించేటప్పుడు ఆ ఒక్క పొట్లం పక్కన పెట్టేయమనే మా సలహా.

నూనె, మైనం, వెన్నలతో చేసే బామ్‌లు, ఫేస్ ఆయిళ్లలో కూడా నీరు లేదు, కాబట్టి బాక్టీరియా భయం లేదు. వాటికి శత్రువు గాలి. సన్‌ఫ్లవర్ నూనెలాంటి లినోలిక్ ఆమ్లం ఎక్కువున్నవి చెన్నై వేడికి కొన్ని నెలల్లోనే పాత అప్పడాల నూనె వాసన కొడతాయి. 0.2 నుంచి 0.5 శాతం విటమిన్ ఇ కలిపితే అది కొంత వెనక్కి జరుగుతుంది. విటమిన్ ఇ చేసే పని అంతవరకే. అది బాక్టీరియాను ఆపదు, దాన్ని ‘సహజ ప్రిజర్వేటివ్’ అనడం తప్పు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అంటే చెన్నైలో ఏడాదిలో చాలాభాగం అది ద్రవమే. చలిదేశాల వాళ్ల బామ్ పాళ్లు యథాతథంగా దించుకుంటే హ్యాండ్‌బ్యాగులో జావైపోయేది అందుకే. ఇక్కడ తేనెమైనం 20–25 శాతం దాకా వేసుకోవాలి.

మూడోది నీరు చేరినవి: లోషన్, క్రీము, జెల్, టోనర్, షాంపూ. పన్నీరు, కలబంద గుజ్జు, గ్రీన్ టీ డికాక్షన్ ఇవన్నీ లెక్కలో నీళ్లే. నీళ్లకంటే ఒక మెట్టు కింద, ఎందుకంటే వాటిలో సూక్ష్మజీవులకు తిండి కూడా ఉంది. తాజా కలబంద గుజ్జును లోషన్‌లో కలపడమంటే దోశపిండికి చక్కెర చేర్చడమే. ఆకు తెంపి నేరుగా రాసుకునేవాళ్లు కోసిన వైపు కిందికి పెట్టి 10–15 నిమిషాలు ఆ పసుపు జిగురు కారనివ్వాలి. దురద పుట్టించేది ఆ జిగురే. లోషన్‌లో కలబంద ఉండాల్సిందే అనుకుంటే 200 రెట్లు గాఢత ఉన్న పొడి 0.1 శాతం చాలు.

చక్కెర, నూనె కలిపిన స్క్రబ్ ఎటూ చెందదు. డబ్బాలో నీరు లేదు, కానీ స్నానాలగదిలో తడి చేయి రోజూ అందులోకి వెళ్తుంది. జాడీలో తడి గరిటె కథే.

ప్రిజర్వేటివ్ ఎంచుకోవడం

ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా అని అడుగుతారు. సూడోమోనాస్ జాతిలో చలికి కూడా పెరిగేవి ఉన్నాయి. ప్రిజర్వేటివ్ లేని లోషన్‌ను ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి నమ్మకూడదు. టీ ట్రీ నూనెతో బాక్టీరియాను నిజంగా ఆపాలంటే ముఖం ఓర్చుకోలేనంత వేయాలి. గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం పేరుతో అమ్మిన సరుకును పరీక్షిస్తే, క్రిములను చంపుతున్నది అందులో కలిసిన బెంజెథోనియం క్లోరైడ్‌లాంటి కృత్రిమ రసాయనమేనని చాలాసార్లు తేలింది. ‘కెమికల్ వద్దు’ అనుకుని కొన్నవాళ్లకు పేరు రాయని కెమికల్ దక్కిందన్నమాట.

ఇంట్లో చేసేవాళ్లకు నిలకడగా పనికొచ్చేవి రెండు. మొదటిది ఫినాక్సీఇథనాల్ 9 వంతులు, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ 1 వంతు కలిసిన ద్రవం. మొత్తం బరువులో 1 శాతం వేస్తే ఫినాక్సీఇథనాల్ 0.9 శాతం అవుతుంది. యూరప్ నిబంధనల్లో దానికి గరిష్ఠం 1 శాతం. పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) కొంచెం అటూ ఇటూ అయినా ఇది పనిచేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇది పట్టుకోవడమే మంచిది.

రెండోది సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ జంట. జామ్ సీసాల మీద కనబడేవే, అందుకే చాలామందికి వీటి మీద నమ్మకం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ రెండూ ఉప్పు రూపంలో పనిచేయవు. నీళ్లలో కరిగి, పులుపు తగిలి, ఆమ్లంగా మారిన భాగమే సూక్ష్మజీవి లోపలికి దూరగలదు. పీహెచ్ 5 దగ్గర బెంజోయేట్‌లో దాదాపు 14 శాతం, సార్బేట్‌లో 36 శాతం అలా మారి ఉంటాయి. పీహెచ్ 6కు వచ్చేసరికి అవి 2 శాతం లోపుకూ 5 శాతానికీ పడిపోతాయి. సీసాలో ప్రిజర్వేటివ్ మొత్తం ఉన్నట్టే, పనిచేసేది మాత్రం దాదాపు లేనట్టే. కాబట్టి ఈ జంట వాడితే పీహెచ్ 5 దాటనివ్వకూడదు, కొలవకుండా అసలు వాడకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. బెంజోయేట్ కరిగిన నీళ్లలో సిట్రిక్ ఆమ్లం పొడి ఒక్కసారి కుమ్మరిస్తే, పడ్డచోటే బెంజోయిక్ ఆమ్లం తెల్లటి సూదుల్లా విడివడి అడుక్కు దిగుతుంది. సిట్రిక్‌ను ముందుగా 10 శాతం ద్రావణం చేసుకుని, చివర్లో, కలుపుతూ, చుక్కచుక్కగా వేయాలి.

కొలతలు

స్పూన్లతో చేసే లోషన్ ప్రతిసారీ కొత్త లోషనే. శాతాలన్నీ బరువులో శాతాలు. వంటింటి కాటా 1 గ్రాము తేడా చూపుతుంది. 200 గ్రాముల లోషన్‌కు ప్రిజర్వేటివ్ 2 గ్రాములు. ఆ కాటా ‘2’ అని చూపినప్పుడు అసలు పడింది ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య ఎంతైనా కావచ్చు. అంటే ఓసారి చాలదు, ఓసారి పరిమితి దాటుతుంది. 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది. అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

చెన్నై ఉక్కకు సరిపోయే తేలికపాటి లోషన్ పాళ్లు ఇవి, 100 గ్రాములకు:

నీళ్ల గిన్నెలోకి: డిస్టిల్డ్ వాటర్ 78.2, గ్లిజరిన్ 3, జాంథన్ గమ్ (చిక్కదనానికి) 0.2, డైసోడియం ఈడీటీఏ 0.1, నయాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) 4.
నూనె గిన్నెలోకి: ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే మైనం) 4, సీటైల్ ఆల్కహాల్ 1.5, సన్‌ఫ్లవర్ నూనె 4, క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ (జిడ్డు తక్కువుండే తేలికపాటి నూనె) 4.
చల్లారాక: ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమం 1.

నీళ్లు డిస్టిల్డే కావాలి. సముద్రం పక్క ప్రాంతాల్లో బోరు నీళ్ల ఉప్పదనం తెలిసిందే. క్యాన్ నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు తాగడానికి బాగానే ఉంటాయి గానీ క్యాన్, ఆర్‌ఓ ట్యాంకు ఎంత శుభ్రమో ఎవరికీ తెలియదు. పెట్రోలు బంకుల్లో దొరికే బ్యాటరీ నీళ్లలో ఖనిజాలు తీసేసి ఉంటారు, కానీ ఒంటికి రాసేందుకు నింపిన సరుకు కాదది. ఈడీటీఏ నీళ్లలో మిగిలిన లోహాలను కట్టేస్తుంది. బాక్టీరియా పొరను బలహీనపరిచి ప్రిజర్వేటివ్‌కు సాయం కూడా చేస్తుంది.

పదార్థాలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ప్యారీస్ కార్నర్ వైపు నైనియప్ప నాయకన్ వీధి కెమికల్ కొట్లలో చాలా సరుకులు దొరుకుతాయి. కానీ ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అడిగి తేనెమైనం తెచ్చుకోకండి. తేనెమైనం చిక్కబరుస్తుంది తప్ప నూనెనూ నీళ్లనూ కలపదు. ఇంటి క్రీములు విరిగిపోవడానికి ఇది మొదటి కారణం. గ్లిజరిన్ మందులషాపులో ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, మందుల ప్రమాణం) అని రాసి ఉన్నది తీసుకుంటే చాలు. ప్రిజర్వేటివ్ మాత్రం పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న సీసాలోనే కొనాలి. పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాలోకి వంచి, పైన పెన్నుతో పేరు రాసి ఇస్తే ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

చేసే పద్ధతి

మజ్జిగ చిలికితే వెన్న విడిపోతుంది. ఇక్కడ నూనె విడిపోకుండా చిలకాలి. నూనెను కంటికి కనబడనంత చిన్న బిందువులుగా చెదరగొట్టి, ఒక్కో బిందువు చుట్టూ ఎమల్సిఫయర్ పొర కట్టాలి.

గిన్నెలు, గరిటె, సీసా, బ్లెండర్ తల ముందు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి ఆరనివ్వాలి. 99 శాతంది ఇంకా మంచిదనుకుంటారు, కాదు. కొంచెం నీరుంటేనే ఆల్కహాల్ బాక్టీరియా లోపలికి సరిగా చొరబడుతుంది.

జాంథన్ గమ్‌ను నేరుగా నీళ్లలో చల్లితే చేప కళ్లలాంటి ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా కరగవు. ముందు గ్లిజరిన్‌లో వేసి పలచటి ముద్దలా కలిపి, దాని మీద నీళ్లు పోయాలి. నయాసినమైడ్ నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, ఈ వేడికి చెడదు, కాబట్టి ముందే వేసేయొచ్చు. నీళ్ల గిన్నెను బరువు తూచి రాసుకోండి. రెండు గిన్నెలనూ మరిగే నీళ్లున్న వెడల్పు పాత్రలోకి దించి, రెండూ 70–75 డిగ్రీలకు వచ్చాక 20 నిమిషాలు అలాగే ఉంచాలి. తర్వాత నీళ్ల గిన్నె మళ్లీ తూస్తే కొన్ని గ్రాములు తగ్గి ఉంటుంది, ఆవిరైపోయింది. తగ్గినంత వేడి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. తర్వాత ‘పోయినసారి ఇంత జిడ్డుగా లేదే’ అని నూనెను తిడతారు.

నీళ్లలోకి నూనె పోస్తూ హ్యాండ్ బ్లెండర్ తల పూర్తిగా ముంచి, అర నిమిషం తిప్పడం, అర నిమిషం ఆపడం, ఇలా నాలుగైదు సార్లు. 200 గ్రాముల లోపు చేస్తే తల మునగక గాలి చొరబడి నురగ వస్తుంది, అందుకే పై పాళ్లను రెట్టింపు చేసుకోండి. కాఫీ నురగ తీసే బుల్లి మరతో లోషన్ చేస్తే మిగిలేదీ నురగే. తర్వాత గరిటెతో తిప్పుతూ చల్లార్చి, 40 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్ వేసి బాగా కలపాలి.

వేడి మీద ఇది పాలలా పలచగా ఉంటుంది. కంగారుపడి వ్యాక్స్ ఇంకాస్త వేయకండి. సీటైల్ ఆల్కహాల్ గట్టిపడి అసలు చిక్కదనం తేలేది మర్నాటికి. ఆనాడు 1 గ్రాము లోషన్‌ను 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పీహెచ్ కాగితం ముంచి చూడాలి. 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే ముట్టుకోనక్కర్లేదు. నయాసినమైడ్ ఉన్నప్పుడు మరీ పుల్లగా చేయకూడదు, కాలక్రమేణా నికోటినిక్ ఆమ్లంగా విరిగి ముఖం ఎర్రబడుతుంది.

తేడా వచ్చినప్పుడు

గంటలోపే నీళ్లు విడిపోతే రెండు గిన్నెల వేడి కలవలేదు, లేదా వ్యాక్స్ తూకం తప్పింది. ఇసుక రేణువుల్లా తగిలితే చల్లటి నీళ్లు తగిలి మైనం అక్కడికక్కడే బిగిసింది. మళ్లీ 70కి వేడిచేసి తిప్పితే సర్దుకుంటుంది, కాకపోతే ప్రిజర్వేటివ్ వేయకముందే ఇది చేయాలి. రుద్దినప్పుడు సబ్బు నురగలా తెల్లటి చారలు వస్తుంటే సీటైల్ ఆల్కహాల్, వ్యాక్స్‌లలో ఒకటి కొంచెం తగ్గించాలి. బామ్‌లో గరుకు పలుకులు వస్తే అది షియా వెన్న మెల్లగా చల్లారడం వల్ల. కరిగించి సీసాలో పోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. నెల తర్వాత లోషన్ ఉన్నట్టుండి పలచబడితే, రంగు తిరిగితే, మూత తీయగానే వాసన తేడాగా ఉంటే బాగుచేయడం అన్న మాటే లేదు.

ఈ ఊరికి ఏవి నప్పుతాయి

పై పాళ్లలో నూనె 8 శాతమే. చలి ఊళ్ల పాళ్లలో 20 దాకా ఉంటుంది. అది రాసుకుని చెన్నై లోకల్ ట్రైన్‌లో నిలబడితే చెమటతో కలిసి జారుతుంది. గ్లిజరిన్ 10 శాతం దాటితే ఇక్కడి తేమలో జిగటే. కొబ్బరినూనె ఒంటికి, జుట్టుకు సరే. మొటిమలు వచ్చే ముఖానికి దూరంగా ఉంచడం మంచిది. శోభి మచ్చలు తిరగబెట్టేవాళ్లు మెడకూ వీపుకూ నూనెలు తగ్గించాలి, ఆ మచ్చలు తెచ్చే ఈస్ట్ కొవ్వు మీదే బతుకుతుంది.

ముఖానికి నిమ్మరసం రాసేవాళ్లు విటమిన్ సి కోసం రాస్తారు. నిమ్మరసంలో అది 100 గ్రాములకు 40 మిల్లీగ్రాములు, అంటే 0.04 శాతం. సీరమ్‌లో 10 శాతం ఉందనుకుంటే అది 250 రెట్లు. పీహెచ్ మాత్రం రెండు, రెండున్నర దగ్గర. మంట పూర్తిగా వస్తుంది, సి మాత్రం రాదు. పచ్చనిమ్మ రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు కూడా వస్తాయి. ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లంతో సీరమ్ చేయాలంటే పీహెచ్ 3.5 లోపు ఉంచాలి, 20 గ్రాములకు మించి చేయకూడదు, ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టాలి, పసుపు తిరిగితే పారబోయాలి. నిజానికి నయాసినమైడ్ దీనికంటే ఎంతో ఓపికైన పదార్థం.

సన్‌స్క్రీన్ ఇంట్లో చేయొద్దు. జింక్ ఆక్సైడ్ పొడి ఎంత చిలికినా ఉండలు కడుతుంది. ఒకచోట మందంగా, పక్కన ఏమీ లేకుండా పరుచుకుంటుంది. దాని ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఎంతో ఇంట్లో తెలుసుకునే దారే లేదు. కొనుక్కోవాల్సిన వస్తువు అది.

షాపు క్రీముల లేబుల్ చదవడానికి ఈ పరిచయం బాగా పనికొస్తుంది. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, 1 శాతం లోపువి మాత్రం ఏ వరుసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ ఎక్కడుందో వెతకండి. అది 1 శాతం దాటదు, కాబట్టి దాని తర్వాత రాసినవేవీ 1 శాతం దాటవు. డబ్బా ముందు పెద్దక్షరాల కుంకుమపువ్వు తరచుగా ఆ గీతకు కిందే కనిపిస్తుంది.

అమ్మే ఆలోచన ఉంటే ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచే ముందు కాస్మెటిక్స్ రూల్స్ 2020 చూడాలి. అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే కాస్-8 లైసెన్సు కావాలి. వంటింట్లో చేస్తున్నాం కదా, చిన్న మొత్తమే కదా అన్నది అక్కడ చెల్లదు.

ఇంట్లో వాడుకునేదైనా సీసా మీద తేదీ రాయండి. వెడల్పు మూతి డబ్బా కాకుండా పంపు సీసా వాడితే వేళ్లు లోపలికి పోవు. ముఖానికి వాడే ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, ఒకేచోట, వారం రోజులు రాసి చూడండి. కొన్ని అలర్జీలు మొదటి రోజు బయటపడవు. ఒక చిన్న సీసా పక్కకు తీసి వంటింటి కిటికీ దగ్గర, ఇంట్లో అన్నిటికంటే వేడెక్కే చోట, మూడు వారాలు ఉంచితే లోషన్ విరిగే రకమో కాదో తేలుతుంది. కత్తిరిలో చెన్నై వాళ్లకు దీనికి వేరే ఓవెన్ అక్కర్లేదు. ప్రిజర్వేటివ్ సరిగా పడ్డ లోషన్‌కైనా మూడు నెలలే గడువు పెట్టుకోండి. మిగిలింది కాళ్లకు పనికొస్తుందిలే అని దాచకండి, పగిలిన మడమల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి పోవడం ముఖంకంటే సులువు.